ఆగిన కొత్త బళ్లు, తిరుగుతున్న పాత బళ్లు

రాయపూర్ పడమటి అంచున ఖారూన్ నది దాటితే అమలేశ్వర్ వస్తుంది. జిల్లా లెక్కల్లో అది దుర్గ్‌లోకి వస్తుంది, బతుకుతెరువు లెక్కల్లో మాత్రం రాయపూర్‌దే. అక్కడ ఛత్తీస్‌గఢ్ సాయుధ దళం మూడో బెటాలియన్ ఉంది. అత్యవసర పిలుపులు అందుకునే డయల్ 112 సేవ కోసం 2023లో రాష్ట్ర పోలీసు శాఖ 400 బొలెరోలు కొని, తెచ్చి ఆ ఆవరణలో నిలిపింది. ఖర్చు దాదాపు 40 కోట్ల రూపాయలు, అంటే బండికి సుమారు 10 లక్షలు. ఆ బళ్లను నడిపే సంస్థను ఎంపిక చేసే టెండరు మాత్రం తేలలేదు. దాదాపు రెండేళ్లు గడిచాక కూడా బళ్లు వరసలు కట్టి అక్కడే ఉన్నాయని, చుట్టూ గడ్డి మొలిచిందని స్థానిక పత్రికలు ఫొటోలతో సహా రాశాయి. ఆ రెండేళ్లూ నగరంలో ఎవరి ఇంట్లో దొంగలు పడ్డా, ఏ కూడలిలో ప్రమాదం జరిగినా, ఫోను చేస్తే వచ్చింది 2018 సెప్టెంబరులో ఆ సేవ మొదలైనప్పటి బళ్లే. అప్పటికే అవి రాత్రింబవళ్లు తిరిగి అరిగిపోయి ఉన్నాయి.

పోలీసుల దగ్గర ఇంత పాత బళ్లు ఎందుకున్నాయని ఏ రాష్ట్రంలో అడిగినా వచ్చే జవాబు ఒకటే: డబ్బుల్లేవు. అమలేశ్వర్ ముందు ఆ జవాబు నిలవదు. డబ్బు మంజూరైంది, బళ్లు వచ్చాయి, తాళాలు చేతికందాయి. వాటిని రోజూ తిప్పే ఏర్పాటొక్కటే లేకపోయింది. కొత్త బళ్లు కొనడానికి మన ప్రభుత్వాలు ఎలాగోలా డబ్బు తెస్తాయి. కొన్న బండిని పదేళ్లు నడపడానికి, నడిచినన్నాళ్లూ బాగు చేయడానికి, పాతబడగానే మార్చడానికి కావలసిన డబ్బుకు మాత్రం బడ్జెట్‌లో స్థిరమైన చోటు ఉండదు. పాత పోలీసు బండి సమస్య అంతా ఈ తేడాలో ఉందని నేను నమ్ముతున్నాను. ఖజానా నిజంగా ఖాళీ అయిన చోట్ల కూడా ఇదే జరుగుతుందని ముందు ముందు చూద్దాం.

డబ్బు ఎవరిదో ముందు తేల్చుకోవాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాలది. జీతాలు, డీజిల్, టైర్లు, మరమ్మతులు అన్నీ రాష్ట్ర ఖజానాలోంచే రావాలి. కేంద్రం 1969-70 నుంచి పోలీసు బలగాల ఆధునికీకరణ పథకం కింద సాయం చేస్తోంది. 2021-22 నుంచి 2025-26 వరకు అయిదేళ్లకు కలిపి 26,275 కోట్ల రూపాయల గొడుగు పథకాన్ని 2022 ఫిబ్రవరిలో ఆమోదించింది. ఆ సాయం ఎక్కువగా ఆయుధాలకు, సమాచార సాధనాలకు, ఫోరెన్సిక్ పరికరాలకు పోతుంది. విధి నిర్వహణలో తిరిగే బళ్లు కొనడానికి, ఠాణాలు కట్టడానికి ఆ నిధులను ఈశాన్యంలోని తిరుగుబాటు ప్రాంతాల్లోనూ, మావోయిస్టు ప్రభావిత జిల్లాల్లోనూ మాత్రమే అనుమతించారు. ఛత్తీస్‌గఢ్‌లో దీని ఫలితం కళ్లకు కడుతుంది. బస్తర్ జిల్లాలకు కేంద్రం డబ్బుతో బళ్లు రాగలవు. రాయపూర్ నగరం ఆ జాబితాలో లేదు కాబట్టి రాజధాని గస్తీ బండి భారమంతా రాష్ట్రం మీదే పడుతుంది. రాష్ట్రమేమో ప్రమాదం ఎక్కువున్న దక్షిణానికి ముందు పెట్టి, తర్వాత రాజధాని వైపు చూస్తుంది. దాన్ని తప్పు పట్టలేం. అయితే మావోయిస్టు సమస్యను అంతం చేయడానికి కేంద్ర హోంమంత్రి 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించారు. ఆ సమస్య తగ్గిన కొద్దీ దాని పేరుమీద వచ్చే నిధులూ తగ్గుతాయి. ఇన్నాళ్లూ బస్తర్‌లో కేంద్రం డబ్బుతో వచ్చిన బళ్లు పాతబడ్డాక వాటి బదులు కొనే పనీ రాష్ట్రానిదే అవుతుంది.

బస్తర్ సంగతి ఎత్తాక అక్కడ కాస్త ఆగకుండా ముందుకు పోలేను. ఆ నేలమీద బండి పాతదా కొత్తదా అన్న ప్రశ్న కన్నా ముందు బండి ఎక్కాలా వద్దా అన్న ప్రశ్న ఉంటుంది. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర మందుపాతర పేలి పది మంది జిల్లా రిజర్వ్ గార్డ్ (డీఆర్‌జీ) జవాన్లు, వాళ్లను తీసుకెళ్తున్న డ్రైవరు చనిపోయారు. వాళ్లు ఎక్కింది అద్దెకు తీసుకున్న ప్రైవేటు బండి. బలగాల సంఖ్యకు తగినన్ని బళ్లు, తగిన రకం బళ్లు లేనప్పుడు అద్దె బండే దిక్కవుతుంది. దాని స్టీరింగు ముందు కూర్చునే మనిషికి ఒంటిమీద యూనిఫారమూ ఉండదు, శిక్షణా ఉండదు. బళ్ల కొరత గురించి మాట్లాడేటప్పుడు ఆ పదకొండో ప్రాణం నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది.

దేశమంతటా చూస్తే కొరత ఏ స్థాయిలో ఉందో పార్లమెంటు హోం వ్యవహారాల స్థాయీ సంఘం 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక చెబుతుంది. 2020 జనవరి 1 నాటికి దేశంలో 16,833 పోలీస్ స్టేషన్లుంటే వాటిలో 257 స్టేషన్లకు ఒక్క బండి కూడా లేదు. 638 స్టేషన్లకు టెలిఫోను లేదు. 143 స్టేషన్లకు వైర్‌లెస్ గానీ మొబైల్ గానీ లేదు. ఈ అంకెలు వార్తల్లోకి వస్తాయి, సంఘాలు విచారం ప్రకటిస్తాయి. బండి ఉందని లెక్కలో చేరిన మిగతా స్టేషన్లలో ఎన్ని బళ్లు పొద్దున తాళం తిప్పగానే కదులుతున్నాయో ఆ నివేదిక చెప్పదు. ఉన్నది, లేనిది అనే రెండు గళ్లే ఉన్న పట్టికలో ఉండీ నడవని బండికి చోటు లేదు. నా దృష్టిలో దాచిపెట్టిన కొరత అంతా అక్కడే ఉంది.

పోలీసు బండి మన ఇంటి కారులా ముసలిదవదు. ఇంటి కారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరుగుతుంది, మిగతా పొద్దంతా ఇంజను చల్లగా పడుకుంటుంది. గస్తీ బండికి షిఫ్టు మారితే డ్రైవరు మారతాడు, బండి మారదు. ఒకరు దిగీ దిగకముందే ఇంకొకరు ఎక్కుతారు. ఎవరి కాలు క్లచ్ మీద ఎలా పడుతుందో ఎవరికీ తెలియదు. అంతకన్నా పెద్ద విషయం, అది నిలబడి ఉన్నప్పుడు కూడా అరుగుతూనే ఉంటుంది. వైర్‌లెస్, నెత్తిమీది లైట్లు, కెమెరా, జీపీఎస్, తట్టుకోలేని ఎండలో ఏసీ, అన్నిటికీ ఇంజను ఆన్‌లో ఉండాలి. కిలోమీటర్ల మీటరులో ఈ అరుగుదల కనిపించదు. అమెరికాలో పోలీసు కార్లు చేసే ఫోర్డ్ కంపెనీ, ఒక గంటసేపు ఇంజను ఊరికే తిరిగితే 33 మైళ్లు నడిచినంత అరుగుదల అని లెక్క చెప్పింది. అంటే సుమారు 53 కిలోమీటర్లు. జైస్తంభ్ చౌక్‌లోనో పండరీలోనో రోజుకు నాలుగు గంటలు ఇంజను ఆపకుండా నిలబడి, ఇంకో 100 కిలోమీటర్లు తిరిగే బండిని ఊహించుకోండి. మీటరు 100 చూపిస్తుంది. ఇంజను మాత్రం 300 దాటినట్టు అరిగి ఉంటుంది. మన దగ్గర సర్వీసు గడువులు, బండిని తీసేసే గడువులు అన్నీ మీటరునో క్యాలెండరునో చూసి పెట్టుకున్నవే. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో రాసుకునే అలవాటు లేదు. ట్రాక్టరుకూ జనరేటరుకూ గంటల మీటరు ఉంటుంది. గస్తీ బండికి ఎందుకుండదో నాకు అర్థం కాదు.

దీనికి రాయపూర్ నేల, గాలి తోడవుతాయి. మే నెలలో 44 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. బ్యాటరీలను చంపేది చలి కన్నా వేడి. రబ్బరు గొట్టాలు, బెల్టులు, టైర్లు అన్నీ వేడికి తొందరగా పగుళ్లు తేలతాయి. ఉర్లా, సిల్‌తరా పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు వదిలే నల్ల దుమ్ము ఎయిర్ ఫిల్టరులో పేరుకుంటుంది. ఆ ప్రాంతపు ఠాణా బండికీ, నవా రాయపూర్ విశాలమైన రోడ్లమీద తిరిగే బండికీ ఒకే గడువున ఫిల్టరు మారిస్తే మొదటి బండికి అన్యాయం చేసినట్టే. పైగా ఈ నగరం రెండు పెద్ద దారుల కూడలి. ముంబయి నుంచి కోల్‌కతా పోయే లారీలు 53వ జాతీయ రహదారి మీద ఇటే వస్తాయి. ఉత్తరాన ఉత్తరాఖండ్‌లో మొదలయ్యే 30వ జాతీయ రహదారి రాయపూర్, జగదల్‌పూర్, కుంట, భద్రాచలం మీదుగా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వస్తుంది. ఇంత బరువు బళ్ల మధ్య రాత్రిళ్లు వేగంగా పోవాల్సిన బండికి బ్రేకులు, టైర్లు, లైట్లు ఎంత ముఖ్యమో విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు తయారీదారుల వైపు నుంచి వస్తుంది. మన పోలీసు శాఖలు ఏళ్ల తరబడి నమ్ముకున్న మోడళ్లు కొద్ది కాలంలోనే ఒక్కటొక్కటిగా మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. అంబాసడర్ 2014లో ఆగిపోయింది. బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చే లోపు జిప్సీ, సుమో, సఫారీ స్టోర్మ్ అన్నీ వెళ్లిపోయాయి. కంపెనీ బండి చేయడం ఆపాక కొన్నేళ్లు విడిభాగాలు దొరుకుతాయి, తర్వాత పలచబడతాయి, ఆ తర్వాత పాత సామాను దుకాణాలే గతి. అప్పుడు మెకానిక్కులకు మిగిలిన దారి ఆగిపోయిన బండిలోంచి సామాను విప్పి తిరిగే బండికి బిగించడం. మూడు బళ్లను విప్పి రెండింటిని నడుపుతారు. వాళ్ల పనితనానికి చేతులెత్తి మొక్కవచ్చు. కానీ ఆ మూడో బండి రిజిస్టరులో ఇంకా బండిగానే ఉంటుంది. పైనున్న వాళ్లు అది చూసి బలగానికి మూడు బళ్లున్నాయనే అనుకుంటారు.

పోలీసు శాఖలో ఈ పనంతా మోటారు ట్రాన్స్‌పోర్ట్ (ఎంటీ) సెక్షన్‌ది. బండి ఆగితే ఠాణా నుంచి పోలీస్ లైన్‌కు కబురు వెళ్తుంది. మెకానిక్కు చూసి ఎస్టిమేటు రాస్తాడు. చిన్న మొత్తమైతే అక్కడే మంజూరవుతుంది, పెద్దదైతే కాగితం పైకి పోవాలి. ఏడాది మొదట్లో నిధులుంటే పని త్వరగా అవుతుంది. ఆర్థిక సంవత్సరం చివరికి వచ్చేసరికి పద్దు నిండుకుంటుంది, బండి షెడ్డులో ఆఫ్ రోడ్ అనే పేరుతో కూర్చుంటుంది. గేర్ బాక్సు లాంటి పెద్ద పని అయితే ఎస్టిమేటు బండి ఖరీదును మించిందా అన్న లెక్క వస్తుంది. మించితే కండెమ్ చేయాలి, అంటే పనికిరాదని తేల్చి తీసేయాలి. కండెమ్ చేయాలంటే వయసు, కిలోమీటర్లు, సాంకేతిక నివేదిక, కమిటీ, ఆమోదం, తర్వాత వేలం. అంత తతంగం ఎందుకని చిన్న మరమ్మతుతో ఇంకో ఏడాది లాగుతారు. ఆ ఏడాది తర్వాత ఇంకో ఏడాది. ఈ వాయిదాల్లో ఏ ఒక్క నిర్ణయమూ తప్పని చెప్పలేం. ఆ రోజుకు ఆ సంతకం పెట్టిన వాళ్లకు వేరే దారి లేదు. పదేళ్ల వాయిదాలు కలిపి చూస్తేనే కొత్త బండి ఖరీదంత డబ్బు పాత బండి కిందే ఖర్చయిందని తెలుస్తుంది. ఒక్కో బండికి ఇప్పటిదాకా మరమ్మతులకు ఎంతయిందో కలిపి చూసే పట్టిక ఉంటే ఆ మాట చెప్పడానికి పదేళ్లు ఆగక్కర్లేదు.

వయసు మీద కేంద్రం ఒక గీత గీసింది. 2023 జనవరి నోటిఫికేషన్ ప్రకారం అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ చెల్లదు. వాటిని నమోదైన స్క్రాప్ కేంద్రానికే పంపాలి. దేశంలో అలాంటివి 9 లక్షల పైచిలుకు ఉన్నాయని కేంద్ర రవాణా మంత్రి అప్పట్లో చెప్పారు. పాత బళ్లు తీసేసే రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా 2023-24లో మూలధన సాయం పథకంలోంచి 3,000 కోట్లు కేటాయించారు కూడా. అయితే దేశరక్షణకు, శాంతిభద్రతలకు, అంతర్గత భద్రతకు వాడే ప్రత్యేక వాహనాలను, కవచం తొడిగిన వాటితో సహా, ఈ నిబంధన నుంచి మినహాయించారు. కవచ వాహనాల సంగతి అర్థం చేసుకోవచ్చు, వాటికి తేలిగ్గా బదులు దొరకదు. ఆ మినహాయింపును మామూలు గస్తీ జీపుదాకా సాగదీస్తే మాత్రం అన్నిటికన్నా వేగంగా పోవాల్సిన బండి అన్నిటికన్నా పాతదై కూర్చుంటుంది. అసలు 24 గంటలు తిరిగే బండికి 15 ఏళ్ల గడువే ఎక్కువ. పై లెక్క ప్రకారం దాని ఇంజను అయిదారేళ్లకే మన కార్ల ఇరవై ఏళ్ల అరుగుదల చూసేసి ఉంటుంది.

ఈ సందర్భంలో రాయపూర్‌కున్న ఒక సదుపాయం గురించి చెప్పాలి. చుట్టుపక్కల ఇండక్షన్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు స్పాంజ్ ఐరన్‌తో పాటు పాత ఇనుమును కూడా కరిగిస్తాయి. దేశంలో పాత ఇనుముకు మంచి గిరాకీ ఉన్న నగరాల్లో ఇదొకటి. అలాంటి చోట కూడా తీసేసిన ప్రభుత్వ బళ్లు ఆవరణల్లో తుప్పు పట్టడం నాకు బాధ కలిగిస్తుంది. వాటి పక్కనే కేసుల్లో పట్టుకున్న బళ్ల గుట్టలుంటాయి. అవి పోలీసులవి కావు, కానీ చోటు మింగుతాయి. పట్టుకున్న వాహనాలను ఏళ్లకేళ్లు ఠాణాల్లో ఉంచవద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా స్వాధీనం చేసుకున్న ఆస్తిని తొందరగా పరిష్కరించడానికి గడువులు పెట్టింది.

మన తెలుగు రాష్ట్రాల వైపు చూస్తే, రాయపూర్ నేర్చుకోవలసింది ఒకటి అక్కడ కనిపిస్తుంది. తెలంగాణ ఏర్పడిన రెండు నెలలకే, 2014 ఆగస్టులో, హైదరాబాద్ పోలీసులకు కొత్త ఇన్నోవాలు, మోటారు సైకిళ్లు ఇచ్చారు. తెల్లని ఇన్నోవాలు ఊరంతా తిరగడం చూసి జనం మెచ్చుకున్నారు. నాకు మాత్రం వాటికన్నా ముఖ్యమైనది అదే సమయంలో వచ్చిన ఇంకో నిర్ణయం. ఒక్కో పోలీస్ స్టేషను నిర్వహణకు నెలనెలా నగరంలో 75,000, జిల్లా కేంద్రాల్లో 50,000, గ్రామాల్లో 25,000 రూపాయలు ఇస్తామన్నారు. పంక్చరుకూ తెల్ల కాగితాలకూ ఎస్సై ఎవరినీ చేయి చాచి అడగక్కర్లేదన్నది ఆలోచన. ఇది చిన్న విషయంగా తీసిపారేయవద్దు. ఠాణా ఖర్చుకు ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోతే ఆ ఖర్చు ఆగదు, ఇంకెవరో భరిస్తారు. బండికి డీజిల్ పోయించిన వాళ్ల మీద రేపు ఫిర్యాదు వస్తే ఏమవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. పాత బండి చివరికి న్యాయం దాకా పాకే దారి ఇదే. ఆ ఇన్నోవాలకు పదేళ్లు దాటిపోయాయి. ఒకేసారి కొన్న బళ్లు ఒకేసారి ముసలివవుతాయి. 2014లో కొన్నంత మొత్తం మళ్లీ ఒకే ఏడాది తేవాలంటే ఏ ఆర్థిక శాఖ అయినా గుటకలు మింగుతుంది. ఏటా కొన్ని తీసేసి కొన్ని చేర్చుకుంటూ పోయి ఉంటే ఆ భారం తెలిసేది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో అత్యవసర బళ్ల చరిత్ర కూడా ఇలాంటిదే. రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడు, 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ దేశానికే దారి చూపింది. ప్రభుత్వం డబ్బిచ్చి, సంస్థ నడిపి, ఎంత సేపట్లో చేరారో కొలిచే పద్ధతి అక్కడినుంచే చాలా రాష్ట్రాలకు పాకింది. అదీ కాలక్రమంలో బళ్లు పాతబడి నీరసించింది. 2020 జులై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 వాహనాలను బారులు తీర్చి బయటికి పంపాల్సి వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ వరస చూసి సంతోషించని వాళ్లుండరు. అంత పెద్ద వరస ఒకేసారి అవసరం కావడమే అంతకుముందు ఏళ్లలో ఏం జరగలేదో చెబుతుంది.

పొరుగున మధ్యప్రదేశ్‌ది ఛత్తీస్‌గఢ్‌కు సరిగ్గా తిరగేసిన కథ. 2015 నవంబరు 1న అక్కడ 1,000 సఫారీ స్టోర్మ్‌లతో డయల్ 100 మొదలైంది. బళ్లూ నిర్వహణా ఒక సంస్థకే అప్పగించారు, ఒప్పందం అయిదేళ్లు. గడువు 2020లో తీరింది. కొత్త ఏర్పాటు కుదిరి 1,200 కొత్త బళ్లు డయల్ 112 పేరుతో రోడ్డెక్కింది 2025 ఆగస్టులో. మధ్యలో పాత ఒప్పందాన్ని పొడిగించుకుంటూ పాత బళ్లతోనే నెట్టుకొచ్చారు. ఒకచోట బళ్లుండి నడిపేవాళ్లు లేరు, ఇంకోచోట నడిపేవాళ్లుండి కొత్త బళ్లు లేవు. రెండుచోట్లా జరిగింది ఒకటే: పాత ఒప్పందం ముగిసే తేదీ అయిదేళ్ల ముందే తెలిసినా తర్వాతి టెండరు సకాలంలో తేల్చలేదు.

ఖజానా నిజంగా ఎండిపోతే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలోని డెట్రాయిట్ వైపు చూడాలి. కార్ల పరిశ్రమకు పుట్టిల్లైన ఆ నగరం 2013 జులైలో దివాలా ప్రకటించింది. అంతకు కొద్ది నెలల ముందు పోలీసులకు 100 కార్లు, 23 అంబులెన్సులు ఇవ్వడానికి స్థానిక వ్యాపారులు కలిసి 80 లక్షల డాలర్లు చందాగా వేసుకోవలసి వచ్చింది. అత్యవసర పిలుపుకు పోలీసులు చేరడానికి సగటున 58 నిమిషాలు పడుతోందని నగర అధికారులే ఆ ఏడాది అప్పులవాళ్లకిచ్చిన పత్రంలో రాశారు. చందా ఇచ్చినవాళ్ల మంచి మనసును శంకించను. కానీ పోలీసు కారు ఎవరి దయతోనూ రాకూడదు. అది పౌరుడి హక్కుకు సంబంధించినది.

ఇంతకూ మంచి నమూనా కోసం రాయపూర్ ఎక్కడికో పోనక్కర్లేదు. ఊళ్లోనే వ్యాగన్ రిపేర్ షాపు ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో, 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తయ్యాక, ఉత్తరాంధ్ర నుంచి రైలు పనుల మీద ఎందరో ఇటు వచ్చారు. ఇప్పటికీ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. ఆ షాపులో జరిగే పని పేరు పీఓహెచ్, అంటే నిర్ణీత కాలానికోసారి బండి మొత్తం విప్పి సరిచేయడం. వ్యాగను చెడిపోయిందా లేదా అని అడగరు, తేదీ వచ్చిందంటే వచ్చినట్టే. ఎప్పుడు సరిచేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో, ఏ షాపులో చేశారో ప్రతి వ్యాగను పక్కన రంగుతో రాసి ఉంటుంది. దారిన పోయేవాడు కూడా చదవగలడు. గనుల నుంచి బొగ్గు మోసే వ్యాగనుకు ఉన్న ఈ మర్యాద ప్రాణాలు కాపాడడానికి పోయే గస్తీ బండికి లేదు. దీని వెనక ఒక ఆర్థిక ఏర్పాటు కూడా ఉంది. 1924లో రైల్వే బడ్జెట్‌ను వేరుచేసినప్పుడే తరుగుదల నిధి పెట్టారు. పాతబడే ఆస్తికి బదులు కొనడానికి ఏటా అందులో కొంత వేయాలి. ఈమధ్య ఏళ్లలో ఆ నిధికి జమ బాగా తగ్గిందని కాగ్ తప్పు పట్టిన మాట నిజమే. అయినా అలాంటి నిధి అంటూ ఉండడం వల్లనే తగ్గిందని పట్టుకోగలిగారు. పోలీసు బళ్లకు తరుగుదల నిధే లేదు కాబట్టి ఎంత తక్కువ పడిందో అడిగే వీలు ఏ ఆడిటరుకూ లేదు.

2025 ఆగస్టు 15న ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ రాయపూర్‌కు పోలీసు కమిషనరేట్ ప్రకటించారు. కమిషనరేట్ అంటే అధికారాలు, హోదాలు, ఆఫీసుల గురించి ఎక్కువ మాట్లాడతారు. నేను కోరేది వేరు. నగరంలో ఉన్న ప్రతి బండికి ఎన్నేళ్లు, ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, నిరుడు ఎన్ని రోజులు ఆఫ్ రోడ్‌లో ఉంది అనే వివరాలు మూడు నెలలకోసారి అందరికీ తెలిసేలా పెట్టాలి. ఎనిమిదేళ్లకు ఒకసారి మార్చాలనుకుంటే ఏటా ఎనిమిదో వంతు బళ్లకు డబ్బు రాష్ట్ర బడ్జెట్‌లో రాసి ఉండాలి, ఎన్నికల ఏడాదైనా కాకపోయినా. కొత్త బళ్లకు ఆర్డరిచ్చే కాగితంలోనే వాటిని ఎవరు నడుపుతారు, ఎవరు బాగు చేస్తారు, అందుకు ఎంత అవుతుంది అన్నది కూడా ఉండాలి. అది లేని ఫైలును ఆర్థిక శాఖ తిప్పి పంపాలి.

చివరగా డ్రైవర్ల గురించి. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం వ్యాపారానికి వాడని ప్రభుత్వ వాహనాలకు తప్పనిసరి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అక్కర్లేదు. అంటే పాత పోలీసు బండి బ్రేకు పడక దారిన పోయే మనిషిని గుద్దితే నష్టపరిహారం ఖజానాలోంచే పోవాలి. మరమ్మతు వాయిదా వేసి మిగిల్చిన వేలు అక్కడ లక్షలై బయటికి పోతాయి. అయినా ప్రమాదం జరిగాక విచారణ మొదలయ్యేది స్టీరింగు పట్టుకున్న కానిస్టేబులు దగ్గర. బ్రేకు బాగాలేదని, టైరు అరిగిందని అతను ముందే చెప్పి ఉండవచ్చు. నోటితో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. లాగ్ బుక్కులో ప్రతి షిఫ్టు మొదట బ్రేకు, టైరు, లైటు, స్టీరింగు అనే నాలుగు గళ్లు ఉండాలి. వాటిలో ఏ ఒక్కదాన్ని డ్రైవరు సరిగా లేదని గుర్తించి సంతకం పెట్టినా, మెకానిక్కు చూసి బదులు సంతకం పెట్టేదాకా ఆ బండి ఠాణా గేటు దాటకూడదు. ఆ రాత్రికి వేరే బండి చూసుకోవడం ఎంటీ సెక్షన్ బాధ్యత అవ్వాలి.